తలుపు దాటిన మాట

అమ్మ మద్రాసులో పిచ్చాసుపత్రిలో ఉందన్న సంగతి మా ఊళ్ళో నాయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. చిల్లకూరులో ఉండే మామయ్యకి తెలుసు. ఆయనే నాయనతో కలిసి అమ్మను రైలెక్కించి తీసుకుపోయాడు. ఎవరైనా అడిగితే అమ్మ పుట్టింట్లో ఉందని చెప్పేవాళ్ళం. మొదట్లో ఒంట్లో బాగలేదు, అక్కడ వైద్యం చేయిస్తున్నారు అనేవాళ్ళం. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మాట నిలవలేదు. మొగుడితో పొసగక వెళ్ళిపోయిందని జనమే ఒక కథ అల్లుకున్నారు. నాయన దాన్ని కాదనలేదు. పెళ్ళాన్ని ఏలుకోలేనివాడని అనిపించుకోవడం ఆయనకి కష్టంగానే ఉండేది. అయినా అమ్మ మీద పిచ్చిదన్న మాట పడకూడదని ఓర్చుకున్నాడు.

మాది కోవూరు పక్క పల్లె. కాలవ కింద కొద్దిపాటి వరి పొలం. నా తర్వాత పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయాక అమ్మకి నిద్ర పట్టడం మానేసింది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా తెలిసేది కాదు. వెతుక్కుంటూ పోతే కాలవ గట్టు మీద ఎక్కడో దొరికేది. ఒకరోజు నేను బడి నుంచి వస్తే, వాకిట్లో కూర్చుని నా మొహం చూసి, "ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అంది. ఆ తర్వాతే నాయన మామయ్యకి కబురు పెట్టాడు.

యాభైల చివర్లో నేను నెల్లూరులో బి.ఏ. చదివాను. పెన్న వంతెన మీదుగా బస్సులో పోయి వచ్చేదాన్ని. ఆఖరి సంవత్సరంలో మాకు చరిత్ర చెప్పే ఆవిడ, మద్రాసులో సోషల్ వర్క్ అని కొత్త చదువొకటి నేర్పుతున్నారని చెప్పింది. అది చదివినవాళ్ళు ఆసుపత్రుల్లో, జైళ్ళలో, మిల్లుల్లో పనిచేస్తారట. రోగికీ ఇంటివాళ్ళకీ మధ్య నిలబడి మాట్లాడేవాళ్ళు, జైలు నుంచి బయటికొచ్చిన మనిషికి పని చూపించేవాళ్ళు వాళ్ళేనట. క్లాసులో మిగతావాళ్ళకి అది పట్టలేదు. నాకు మాత్రం అమ్మే గుర్తొచ్చింది. పైగా మద్రాసంటే అమ్మ ఉన్న ఊరు.

నాయనకి చెప్తే అర్థం కాలేదు. "సేవ చేసేదానికి చదువెందుకు అమ్మణ్ణీ? నర్సమ్మవు అవుతావా?"

"నర్సు కాదు నాయనా."

"అయితే పంతులమ్మా?"

"అదీ కాదు."

"మరి ఏంది?"

నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు. చివరికి, "అక్కడుంటే వారం వారం అమ్మను చూడొచ్చు," అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. అటక మీంచి ట్రంకుపెట్టె దించి దుమ్ము దులిపాడు.

మద్రాసులో మేం చేరినచోట ఆడపిల్లలం కొద్దిమందిమే. నా గదిలో ఉన్నది నెల్లూరు పిల్లే. వాళ్ళ నాన్నది బట్టల కొట్టు. వాళ్ళ సాయిబుల కుటుంబాల్లో అంత చదువు చదవడానికి బయటికొచ్చిన మొదటి ఆడపిల్ల తనే. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం నుంచి ఫీల్డ్ వర్క్. ఒకరిని మురికివాడకి పంపేవాళ్ళు, ఒకరిని అనాథ శరణాలయానికి, ఒకరిని కోర్టుకి. నాకు మొదటి ఏడాది పెద్దాసుపత్రి పడింది. వార్డుల్లో తిరిగి రోగుల ఇళ్ళ సంగతులు కనుక్కోవడం, మందులు కొనలేనివాళ్ళకి దారి చూపడం, ఎవరూ రాని ముసలివాళ్ళ బంధువుల్ని వెతికి పట్టుకోవడం నా పని.

ప్రతి విద్యార్థికీ ఒక సూపర్‌వైజర్ ఉండేది. వారానికోసారి ఆమె గదిలో కూర్చుని, ఆ వారం ఎవరితో ఏం మాట్లాడామో, అప్పుడు మన మనసులో ఏం జరిగిందో అంతా చెప్పాలి. నా సూపర్‌వైజర్ తెలుగావిడే. వాళ్ళ కుటుంబం చాలాకాలం కిందట మద్రాసులో స్థిరపడింది. సన్నంచు నేత చీరలు కట్టేది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడేది కాదు. మనం ఆగిపోయినా తొందరపెట్టకుండా అలాగే చూస్తూ కూర్చునేది. అంత ఓపిగ్గా నా మాట విన్న మనిషిని అంతకుముందు నేను చూడలేదు. మొదటి పాఠం ఆవిడే చెప్పింది. "మనల్ని నమ్మి ఒకరు చెప్పిన మాట మనది కాదు. అది వాళ్ళదే. మన దగ్గర ఉంచమని ఇచ్చారు, అంతే." ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఊరికి పోయినప్పుడు నాయనకి కూడా చెప్పాను.

రెండో ఏడాది మొదట్లో ఆవిడ నన్ను పిలిచి, "ఈసారి నిన్ను మెంటల్ హాస్పిటల్‌కి వేస్తున్నాను. నీకున్న ఓపికకి అది సరిగ్గా సరిపోతుంది," అంది.

నేను పోనన్నాను. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను.

"భయమా?"

"భయం కాదు మేడం."

ఆవిడ లేచి తలుపు మూసి వచ్చి, ఎదురుగా కాకుండా నా పక్క కుర్చీలో కూర్చుంది. "నువ్వు చెప్పింది ఈ తలుపు దాటి పోదు," అంది.

చెప్పేశాను. అమ్మ కాలవ గట్టు మీద తిరగడం నుంచి, ఆదివారాలు నేను హాస్టల్లో బంధువుల ఇంటికని చెప్పి ఎక్కడికి పోతున్నానో అంతవరకూ చెప్పాను. నోటితో ఆ మాటలు అనడం నాకదే మొదటిసారి. ఏడ్చాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆ ఏడాది నన్ను ఇంకోచోటికి మార్చింది, ఎందుకో ఎవరికీ చెప్పకుండానే. తర్వాతి ఆదివారం తనే నాతోపాటు ఆసుపత్రికి వచ్చింది. అమ్మకి కమలాపండ్లు తెచ్చింది. అమ్మ ఆవిడ చీర అంచు పట్టుకుని వేళ్ళతో తడిమి, "వెంకటగిరిదా?" అని అడిగింది. ఎన్నో నెలల తర్వాత అమ్మ ఇంకొకరిని ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ నాకు ఇంకో తల్లి దొరికినట్టే అనిపించింది.

చదువు అయిపోయేసరికి ఒక్కొక్కళ్ళకీ ఒక్కో దారి దొరికింది. ఒకతను బట్టల మిల్లులో లేబర్ వెల్ఫేర్ ఆఫీసరయ్యాడు. ఒకామె పెద్దాసుపత్రిలోనే చేరింది. నా గదిలో పిల్లకి గుంటూరులో ప్రొబేషన్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చింది. నేను మాత్రం నెల్లూరు రావాలనుకున్నాను. అక్కడ కొందరు పెద్దలు కలిసి ఆడవాళ్ళకి ఒక హోం పెడుతున్నారని తెలిసింది. ఆసుపత్రుల్లో నయమై బయటికొచ్చినా ఇంటివాళ్ళు తీసుకుపోనివాళ్ళు, ఎవరూ లేనివాళ్ళు అక్కడుంటారు. దానికి చదువుకున్న సూపరింటెండెంట్ కావాలట. ఆ సంగతి విన్నప్పుడు మేడంతో అన్నాను. "అక్కడ పని దొరికితే ఎప్పటికైనా అమ్మను తెచ్చుకోవచ్చు మేడం." ఆవిడ నవ్వి, "ఎందుకు తెచ్చుకోకూడదు?" అంది.

ఇంటర్వ్యూ నెల్లూరులోనే జరిగింది. కమిటీలో ఒక వకీలు, ఒక డాక్టరు, కోవూరు బియ్యపు మిల్లు యజమాని ఉన్నారు. నాలుగో కుర్చీలో మా మేడం కూర్చుని ఉంది. నిపుణురాలిగా ఆవిడని మద్రాసు నుంచి పిలిపించారట. ఆవిణ్ణి చూడగానే నా గుండె కుదుటపడింది. వాళ్ళడిగినవాటికి బాగానే జవాబులు చెప్పాను. డాక్టరుగారు తలాడించడం కూడా చూశాను. బయటికొచ్చాక తలుపు చాలాసేపు మూసే ఉంది. తర్వాత గుమాస్తా వచ్చి, సంగతి తర్వాత తెలియజేస్తామన్నాడు.

కొన్నాళ్ళకి నాయన బండి కట్టుకుని మిల్లుకి వడ్లు తోలుకుపోయాడు. మిల్లు యజమాని నాయనకి బాగా ఎరిగినవాడే. అక్కడ కాటా దగ్గర పది ఊళ్ళ రైతులు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందే ఆయన నాయన భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, వదిన మద్రాసు ఆసుపత్రిలో ఉండాదని మాకు ఒక్క మాట చెప్పలా. ఇన్నేళ్ళూ నిన్నే తప్పుబడితిమి గదా," అన్నాడట. జాలితోనే అన్నాడు. పాపకి ఉద్యోగం ఇవ్వనందుకు ఏమీ అనుకోవద్దనీ, ఆమె చదువు మీద తమకి అనుమానం లేదనీ, ఇంట్లో అలాంటి జబ్బున్న పిల్లని అలాంటివాళ్ళ మధ్య పెట్టడం మంచిది కాదని మద్రాసు మేడం చెప్పిందనీ కూడా చెప్పాడు.

నాయన ఇంటికొచ్చి ఎడ్లను విప్పి, నీళ్ళు పెట్టి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు.

"ఎవురికి చెప్పినావు?" అన్నాడు.

ముందు నాకు అర్థం కాలేదు. ఆయన మిల్లు దగ్గర జరిగింది చెప్పాక, "మా మేడంకి చెప్పాను నాయనా. ఎవరికీ చెప్పనంది," అన్నాను.

"ఆమె మనకి ఏమవుద్ది?"

ఆయన కోప్పడలేదు. కంచం పక్కకి జరిపి లేచిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం మిల్లుకి పాలేరునే పంపాడు గానీ తను పోలేదు.

నేను మద్రాసు పోదామని నెల్లూరు స్టేషనుకి బయల్దేరి, దారిలో మద్రాసులో నా గదిలో ఉన్న స్నేహితురాలి ఇంటి దగ్గర ఆగాను. తను అప్పుడు గుంటూరు నుంచి సెలవు మీద వచ్చి ఉంది. జరిగిందంతా విని, "నాకూ అదే మాట చెప్పింది, తలుపు మూసి," అంది. "నా దగ్గరా చెప్పుకోవాల్సింది ఉండింది. ఎందుకో నోరు రాలేదు. అంతే, నీకంటే తెలివైందాన్ని కాదు." అది ఏమిటో నేను అడగలేదు. తనూ చెప్పలేదు. స్టేషను దాకా నాతో వచ్చి రైలెక్కించింది.

మేడం నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమంది. నిలబడే అడిగాను.

"మా అమ్మ సంగతి కమిటీలో చెప్పారా మేడం?"

"చెప్పాను. చెప్పక తప్పలేదు."

"ఈ గదిలో చెప్పింది తలుపు దాటదన్నారు."

"అప్పుడు నువ్వు నా విద్యార్థినివి. అక్కడ నేను వాళ్ళు పిలిస్తే వెళ్ళి కూర్చున్న మనిషిని. నమ్మి పిలిచినవాళ్ళ దగ్గర దాచకూడదు కదా."

"మరి నమ్మి చెప్పినవాళ్ళ సంగతి?"

ఆవిడ నెమ్మదిగా, "నీ మంచి కోసమే ఆలోచించాను. ఆ హోంలో ఉండబోయేది మీ అమ్మలాంటివాళ్ళు. రోజూ వాళ్ళని చూస్తూ నలిగిపోతావు. పైగా మీ అమ్మను అక్కడికి తేవాలన్న ఆలోచన నీకుంది. నువ్వే అన్నావు," అంది.

"అన్నాను. ఆ మాట నన్నే అడిగి ఉంటే అక్కడే జవాబు చెప్పుకునేదాన్ని. నన్ను బయట కూర్చోబెట్టి చెప్పారు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. వార్డులో రోగి గురించి నేను చెప్తున్నప్పుడు వినేటప్పటి చూపు అది. "చూశావా, ఎంత కోపంగా ఉన్నావో. ఆ బాధ నీలో ఇంకా అలాగే ఉంది. నేను భయపడింది దీనికే," అంది.

ఇంక నేనేం మాట్లాడినా దానికే సాక్ష్యమవుతుందని తెలిసింది. ఏడిస్తే ఒక అర్థం, ఊరుకుంటే ఇంకో అర్థం. ఆ అర్థాలు వెతకడం రెండేళ్ళు నాకు నేర్పింది ఆవిడే. నమస్కారం పెట్టకుండా బయటికొచ్చాను. అమ్మ దగ్గరికి పోయి, సాయంత్రం దాకా ఆమె జడ దువ్వుతూ కూర్చున్నాను. అమ్మ ఆ మధ్య కాస్త తేరుకుంది. కొత్తగా వచ్చిన మాత్రలు పనిచేస్తున్నాయని డాక్టరు అన్నాడు. "ఆ చీరల ఆమె రాలేదే?" అని అమ్మ అడిగింది. పని ఉందన్నాను.

తర్వాత నాకు పంచాయతీ సమితి బ్లాకులో ముఖ్యసేవిక ఉద్యోగం వచ్చింది. పల్లెల్లో ఆడవాళ్ళ కోసం గ్రామసేవికలు చేసే పనిని చూసుకోవాలి. అక్కడి ఇంటర్వ్యూలో మా ఇంటి సంగతులు ఎవరూ అడగలేదు. సైకిలు తొక్కడం వచ్చా, పల్లెలో ఉండగలవా అని మాత్రం అడిగారు. నన్ను సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె వైపు వేశారు. సరుగుడు తోపు పక్కన ఒక పెంకుటింట్లో ఉండేదాన్ని. గాలి ఎప్పుడూ ఇసుకని తెచ్చి గడప లోపల పోసేది. ఆడవాళ్ళు తెల్లారేసరికి చేపల తట్టలెత్తుకుని బిట్రగుంట వైపు నడిచేవాళ్ళు. వాళ్ళు తిరిగొచ్చాకే నా పని మొదలు. పిల్లలకి బాలవాడి, మంత్రసానులకి శిక్షణ, మహిళామండలి. పొగ రాని పొయ్యిలు కట్టించాం. వాటి మీద ఎవరూ వండలేదు గానీ, కోళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి పనికొచ్చాయి.

ఆ ఆడవాళ్ళకి నా మీద నమ్మకం కలగడానికి చాలాకాలం పట్టింది. ఒకసారి ఒకామె తట్ట దించి నా పక్కన కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఒక మాట చెప్తా. ఎవురికీ చెప్పవు గదా అమ్మా?" అంది. చెప్పననడం ఎంత తేలికో నాకు తెలుసు. "జబ్బు సంగతైతే డాక్టరమ్మకి చెప్పాల్సి వస్తుంది. నిన్నడిగి, నీ ముందరే చెప్తా," అన్నాను. ఆమె ఆ మాట గురించి కాసేపు ఆలోచించి, తట్టెత్తుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ కొన్నాళ్ళకి తనే వచ్చి చెప్పింది. ఆ చెప్పింది ఇక్కడ రాయను.

ఇంటి దగ్గర, సంగతి అందరికీ తెలిశాక నాయన కొన్నాళ్ళు మనుషుల్ని తప్పించుకు తిరిగాడు. తర్వాత ఒకరోజు జువ్వలదిన్నె వచ్చి, "ఇంక దాచేదానికి ఏముండాది. తీసుకొద్దాం పద," అన్నాడు. ఇద్దరం మద్రాసు పోయాం. అమ్మ ఇంటికి పోదగ్గ స్థితికి వచ్చి చాలాకాలమైందని ఆసుపత్రిలో చెప్పారు. అంతకుముందే అడిగి ఉంటే అంతకుముందే పంపేవాళ్ళట.

ఊళ్ళో కొందరు చూడ్డానికొచ్చి మామిడిపండ్లు పెట్టిపోయారు. కొందరు అమ్మ వీధిలోకి వస్తే పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్ళు. అమ్మ అది గమనించి బయటికి రావడం మానేసింది. అందుకని నాతోపాటు సముద్రం ఒడ్డుకి తెచ్చుకున్నాను. అక్కడ ఆమెని అంతకుముందు ఎరిగినవాళ్ళు లేరు. పెద్దమ్మా అని పిలిచేవాళ్ళు. నాయన కోతలు, నాట్లు లేనప్పుడు వచ్చి ఉండేవాడు. ఇద్దరూ వాకిట్లో కూర్చుని ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఆయన తాటాకుతో ఏదో అల్లుతుంటే ఆమె చూసేది.

మామయ్య ఒకసారి వచ్చి ఇదంతా చూసి, "ఎట్టైనా ఆ మేడం చేసింది మంచికే వచ్చింది," అన్నాడు.

"అమ్మను ఇంటికి తెచ్చింది నాయన, మామయ్యా. ఆమె కాదు," అన్నాను. ఆయన ఇంక ఆ మాట ఎత్తలేదు. నాకైతే ఆ మాట లోపల గుచ్చుకునే ఉంది. మంచి జరిగింది కాబట్టి చేసినవాళ్ళకి దండం పెట్టమంటే నా వల్ల కాలేదు. ఆ హోం నడిచినన్నాళ్ళూ దాని ముందు నుంచి పోవాల్సి వస్తే వేరే వీధిలోంచి తిరిగిపోయేదాన్ని.

అరవైల ఆఖర్లో మా ముఖ్యసేవికలందరికీ ఒక శిక్షణ శిబిరం పెట్టారు. జిల్లాల నుంచి చాలామందిమి వచ్చాం. రెండోరోజు మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాట్లాడుతుందన్నారు. వేదిక మీదికి మా మేడం వచ్చింది. జుట్టు నెరిసింది. గొంతు అలాగే ఉంది. నేను వెనక వరసలో ఉన్నాను.

కుటుంబాలతో పని చేయడం గురించి చెప్తూ, "నా దగ్గర నెల్లూరు జిల్లా నుంచి ఒక విద్యార్థిని ఉండేది," అని మొదలుపెట్టింది. తల్లికి మతిస్థిమితం లేకపోవడం, తండ్రి ఊళ్ళో దాన్ని దాచడం చెప్పింది. కమలాపండ్లు తీసుకుపోయిన ఆదివారం చెప్పింది. ఆ తల్లి తన చీర అంచు పట్టుకుని ఏమడిగిందో కూడా చెప్పింది. అందరూ మెత్తగా నవ్వారు. దాచిన సంగతిని తను ధైర్యం చేసి బయటపెట్టడం వల్లే ఆ కుటుంబం తల్లిని ఇంటికి తెచ్చుకోగలిగిందనీ, మన వృత్తిలో ఒక్కోసారి అలాంటి కఠినమైన నిర్ణయాలు తీసుకోక తప్పదనీ ముగించింది. అమ్మ ఇంటికొచ్చిందని ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆవిడ ఎప్పుడూ చూడ్డానికి రాలేదు.

నేను లేచి నిలబడ్డాను. "మేడం, ఈ సంగతి ఇక్కడ చెప్పేముందు ఆ విద్యార్థిని అడిగారా?"

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. సభ వైపు తిరిగి, "మంచి ప్రశ్న. అందుకే మనం ఎప్పుడూ పేర్లు చెప్పం. గమనించారా, నేను పేరు చెప్పలేదు," అంది. నా చుట్టూ అందరూ తలలు వంచి అది రాసుకున్నారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నా పక్కన కావలి నుంచి వచ్చిన ఆవిడ కూర్చుంది. కొత్తగా ఉద్యోగంలో చేరింది. సాంబారు కలుపుకుంటూ, "పాపం, ఆ తల్లి ఇప్పుడు ఎట్టుందో అక్కా," అంది.

"బాగుంది. నా దగ్గరే ఉంటుంది," అన్నాను.

ఆమె చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. తర్వాత నా ఆకులోకి కొంచెం పచ్చడి వేసింది. మేం చేతులు కడుక్కుంటుండగా మేడం కారు గేటు దాటిపోయింది. నన్ను పిలిపించలేదు. నేనూ వెతుక్కుంటూ పోలేదు. మధ్యాహ్నం కోళ్ళ పెంపకం మీద క్లాసు ఉంది. వెళ్ళి కూర్చున్నాను గానీ ఒక్క మాట కూడా చెవికెక్కలేదు.